వశిష్ఠ మొగవద్ద శాస్త్రముల పొత్తు

పొత్తుసేద్యమనగా నేమో మన గ్రామములలో ఎవరికిని వివరింపనక్కరలేదు. ఒకరికి కాడెద్దులుండును, ఒకరికి ఒంట చేవ యుండును, మూడవవానికి గాదెలో విత్తనముండును. ముగ్గురును కలసిననే చేను పండును. కల్లమువద్ద పంపకములకు కూర్చున్నప్పుడు మాటకు మాట పెరుగుటయు కద్దు. ఐనను మరుసటి ఏరువాకనాటికి ఆ ముగ్గురే మరల పొత్తు కట్టుదురు.

శాస్త్రజ్ఞులకుగూడ నేడట్టి పొత్తు అవసరమైనది. నేలనుగూర్చి ఒకరు, నీటినిగూర్చి ఒకరు, పురుగునుగూర్చి ఇంకొకరు, మనుష్యుని బ్రతుకునుగూర్చి వేరొకరు ప్రత్యేకముగ పరిశోధించుట శాస్త్రము పెరుగుటకు మంచిదే. కాని ఒక ఊరికి కష్టము వచ్చునప్పుడు అది తాను ఏ శాఖకు చెందినదో చెప్పుకొని రాదు. ఈ సంగతిని శ్రోతలకు విన్నవించుటకు మేము అంతర్వేదిని ఎన్నుకొంటిమి.

అంతర్వేది ఎరుగని తెలుగువారు అరుదు. మాఘమాసమున భీష్మ ఏకాదశినాడు లక్ష్మీనరసింహస్వామి రథము కదలుటను చూచుటకు గోదావరికి ఇరుప్రక్కలనుండియు జనము వత్తురు. 2020 సెప్టెంబరులో పాత రథము అగ్నికి ఆహుతికాగా, 2021 ఫిబ్రవరినాటికి క్రొత్త రథము సిద్ధమైనది. రథమును కొలది మాసములలో మరల చేసికొనగలిగితిమి. దాని చక్రములక్రిందనున్న నేల సంగతి అట్టిది కాదు. గోదావరి పాయలలో పడమటిదియగు వశిష్ఠ ఇచ్చట సముద్రమున కలియును. అన్నాచెల్లెళ్ల గట్టుమీద నిలిచినవారికి ఒకవైపు నదీజలము, మరియొకవైపు సాగరజలము కనిపించును. యాత్రికులు అచ్చట స్నానముచేసి, సంతోషించి మరలిపోవుదురు. కాని ప్రక్కనే పల్లిపాలెములో కాపురముండు బెస్తవారికి ఆ దృశ్యము వేరుగ నుండును. పెద్దపోటు దినములలో సముద్రము వారి ఇండ్లదాక వచ్చుట ఇటీవలి సంవత్సరములలో జరిగినది. ఒకప్పుడు వలలు ఆరవేసికొన్నచోట నేడు అల విరుగుచున్నది.

ఇది సముద్రము చేయుచున్న పనియా, నది మానివేసిన పనియా? ఈ ప్రశ్నకు జవాబు వెదకుటలోనే పొత్తు మొదలైనది.

కోనసీమ నేలను జాగ్రత్తగ చూచినచో ఎత్తైన ఇసుకదిబ్బలు, వానినడుమ పల్లపు పర్రలు ఒకదాని వెనుక నొకటిగ సముద్రతీరమునకు దాదాపు సమాంతరముగ సాగియుండుట కానవచ్చును. దిబ్బమీద ఊరు, కొబ్బరితోట. పర్రలో వరిచేను, లేదా ఉప్పుతేలిన బీడు. ఈ దిబ్బలలో ఒక్కొక్కటి ఒక్కొక్క కాలమున సముద్రపు ఒడ్డుగా నుండినదే. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్య కాకాని నాగేశ్వరరావుగారును, వారి సహచరులును ఈ దిబ్బలను ఉపగ్రహచిత్రముల సహాయమున గుర్తించి పటములు గీసిరి. అంతటితో ఆగక జపానుదేశపు భూగర్భశాస్త్రజ్ఞుడు యోషికి సైటోగారు మొదలగువారితో కలసి, డెల్టాలో లోతుగ గొట్టములు దింపి మట్టి పొరలను పైకి తీయించిరి. ఆ పొరలలో చిక్కుకొన్న గుల్లల యొక్కయు, కొయ్యముక్కల యొక్కయు వయస్సును రేడియో కార్బనుద్వారా కట్టవచ్చును. ప్రాణియో, వృక్షమో చనిపోయిన పిమ్మట దానిలోని కార్బను-14 అను ద్రవ్యము 5,730 సంవత్సరములకు సగమగును; మిగిలినదానిని కొలిచి ఎన్నియేండ్లైనదో చెప్పుదురు. సముద్రమట్టము సుమారు ఆరేడువేల సంవత్సరములక్రిందట నిలకడకు వచ్చిన పిమ్మటనే ఈ డెల్టా నేటి రూపమునకు పెరిగినదని ఈ పద్ధతిని తెలిసినది. పటము గీయువాడు ఒక్కడే ఉండినచో దిబ్బలు కనిపించెడివి, వాని వయస్సు తెలిసెడిది కాదు. రసాయనశాస్త్రజ్ఞుడు ఒక్కడే ఉండినచో వయస్సు తెలిసెడిది, ఎచ్చట త్రవ్వవలెనో తెలిసెడిది కాదు.

అన్ని వేల సంవత్సరములు ముందుకు పెరిగిన తీరము ఇప్పుడు వెనుకకు ఏల నడచుచున్నది? నదిలో తేలివచ్చు ఒండ్రును కేంద్ర జలసంఘమువారు ఏటేట కొలిచి వ్రాసియుంచుదురు. ఆ లెక్కలను తీరపు పటములప్రక్కన పెట్టి చూడగా కథ బయటపడినది. 1970-79 మధ్య గోదావరి సాలీనా సగటున 15 కోట్ల టన్నుల ఒండ్రును మోసికొనివచ్చెడిది. 2000-2006 నాటికి అది 5 కోట్ల 72 లక్షల టన్నులకు దిగినది. మిగిలినది పైన కట్టిన జలాశయముల అడుగున నిలిచిపోవుచున్నది. మహారాష్ట్రమునందలి జయక్వాడి, తెలంగాణమునందలి శ్రీరామసాగరము మొదలుకొని చిన్నపెద్ద కట్టడములు ఈ నదిపై ఎన్నియో కలవు. కృష్ణా గోదావరి డెల్టాల జంటతీరము 336 కిలోమీటర్లు. 1965 మొదలు 2008 వరకు గల 43 సంవత్సరములలో ఈ తీరము నికరముగ 76 చదరపు కిలోమీటర్ల నేలను కోల్పోయినదని 2010లో ప్రకటింపబడిన నాగేశ్వరరావుగారి బృందపు పరిశోధన తెలుపుచున్నది. 2009లో జేమ్స్ సివిట్‌స్కీ, ఆయన సహచరులు లోకమునందలి 33 డెల్టాలను పరిశీలించి, క్రుంగుచున్నవానిని లెక్కించినప్పుడు మన గోదావరియు, కృష్ణయు అందులో చేరినవి. మరియు హిందూమహాసముద్రపు ఉత్తరభాగమున నీటిమట్టము 1993 నుండి 2015 వరకు ఏటికి 3.3 మిల్లీమీటర్ల చొప్పున పెరిగినట్లు భారతప్రభుత్వ భూశాస్త్రమంత్రిత్వశాఖ 2020లో ప్రచురించిన గ్రంథము చెప్పుచున్నది. మూడు మిల్లీమీటర్లనిన వడ్లగింజ పొడవంతైనను లేదు కదా అని నవ్వవచ్చును. కాని పల్లపు పర్రలో ఎత్తును జానలతో కొలుచుకొను రైతునకు అది నవ్వుటకు తగిన సంగతి కాదు.

ఇచ్చట ఒక మాట చెప్పవలెను. జలాశయములు కట్టినవారిని దూషించుట మా ఉద్దేశము కాదు. ఈ సీమకు అన్నము పెట్టినదే కట్టడము. 1832-33లో వచ్చిన నందన కరవును, తరువాతి వరదలను, తుపానులను తట్టుకొనలేక రాజమహేంద్రవరపు జిల్లా క్షీణించినప్పుడు, సర్ హెన్రీ మాంట్‌గొమరీ అను రెవెన్యూ అధికారి 1844లో పరిస్థితులను విచారించి, ఇచ్చటికి మంచి ఇంజనీరును పంపుడని వ్రాసెను. అట్లు వచ్చిన ఆర్థర్ కాటన్ 1847లో ధవళేశ్వరమున ఆనకట్టపని ఆరంభించి 1852నాటికి ముగించెను. వీణం వీరన్నగారు కూలీలను కూడగట్టి, పని నడిపించి, ఆయనకు కుడిభుజముగ నిలిచిరి. శిస్తు లెక్కలు తెలిసినవాడు, నీటిపారుదల తెలిసినవాడు, స్థలమును జనమును ఎరిగినవాడు ముగ్గురును కలసినందుననే ఆ పని నెరవేరినది. ఐతే ఆ పొత్తులో ఒకడు లోపించెను. అతడు చేపలను గురించి తెలిసినవాడు. సముద్రమున విలసయని పిలువబడు చేప వరదకాలమున గోదావరి ఎర్రనీటికి ఎదురీదివచ్చి పులసయగును. గ్రుడ్లు పెట్టుటకే అది అంత దూరము వచ్చును. ఆనకట్ట దానికి అడ్డమైనది. ఆనకట్టలవలన వలసచేపలకు కలుగు నష్టమునుగూర్చి ఫ్రాన్సిస్ డే అను వైద్యుడు, మత్స్యశాస్త్రజ్ఞుడు 1873నాటి తన నివేదికలో చర్చించెను. అప్పటికి రాయి పరచి ఇరువది యేండ్లు దాటినది. నేడు పులస వెల ఎంత పలుకుచున్నదో శ్రోతలలో గృహస్థులకు మేము చెప్పనక్కరలేదు!

సముద్రము వచ్చుచున్నదనగానే అందరును అడుగునది గోడ. గోడ కట్టుట ఇంజనీరునకు తెలియును. కాని మన తీరమువెంబడి అలలు ఇసుకను సంవత్సరములో అధికభాగము దక్షిణమునుండి ఉత్తరమునకు నడిపించుకొనిపోవుచుండును. ఒకచోట దానిని ఆపినచో ఆవలి ఊరికి రావలసిన ఇసుక రాదు; ఈ ఊరు నిలిచినను ఆ ఊరు కోసికొనిపోవును. కాకినాడకు ఉత్తరమునగల ఉప్పాడవద్ద బట్టసంచులలో ఇసుకనింపి వేసిన గోడను సముద్రము ఎట్లు చీల్చినదో ఆ త్రోవను ప్రయాణించినవారందరును చూచియేయుందురు. చెన్నపట్టణమునందలి జాతీయ తీరపరిశోధన కేంద్రమువారు 1990 మొదలు 2018 వరకు ఉపగ్రహచిత్రములను సరిపోల్చి, ఆంధ్రప్రదేశ్ తీరములో నూటికి సుమారు 29 వంతులు కోతకు గురియగుచున్నదనియు, ఇంచుమించు సగము పెరుగుచున్నదనియు తేల్చిరి. కోతమాట పత్రికలలో వచ్చును, పెరుగుమాట రాదు. ఇచ్చట పోయిన ఇసుక ఎచ్చటనో చేరుచున్నదన్న సంగతి తెలియక గోడకు రాళ్లు తోలినచో ధనమును సముద్రములో పోసినట్లే యగునని మా అభిప్రాయము.

తీరమున కనిపించు కోతకంటె కనిపించని శత్రువు ఉప్పునీరు. ఇసుకదిబ్బక్రింద వాననీరు మంచినీటిపొరయై నిలిచి, బరువైన ఉప్పునీటిమీద తేలుచుండును. పైనుండి ఎక్కువగ తోడినచో క్రిందినుండి ఉప్పునీరు పైకి వచ్చును. ఇది ఒక దారి. రెండవ దారి మురుగుకాలువలు. పొలములనుండి వాననీటిని సముద్రమునకు చేర్చుటకై త్రవ్విన కాలువలకు ఈ ప్రాంతమున వాలు మిక్కిలి తక్కువ; పోటు వచ్చినప్పుడు అదే కాలువ సముద్రమును పొలములోనికి తెచ్చును. శంకరగుప్తపు మురుగుకాలువ వెంబడి కేశనపల్లి మొదలగు గ్రామములలో కొబ్బరిచెట్లు మొవ్వు వాడి మోడులై నిలుచుటను మొన్న 2025లో రాష్ట్రమంతయు చూచినది. మూడవది చేపల, రొయ్యల చెరువులు. ప్రక్కచేనివానికి హాని కలిగించునది కొన్నిచోట్ల చెరువు త్రవ్వినవానికి నాలుగు రూకలు తెచ్చినది. కావున ఇది కేవలము నేలశాస్త్రమునకు సంబంధించిన చిక్కు కాదు, ఆర్థికశాస్త్రమునకును, న్యాయమునకును సంబంధించినది. మురుగు పోక, గిట్టుబాటుకాక విసిగి కోనసీమ రైతులు 2011 ఖరీఫులో పంటవిరామము ప్రకటించినప్పుడు, మోహన్ కందా అధ్యక్షతను ప్రభుత్వము నియమించిన సంఘము ముందుకు వచ్చిన ఫిర్యాదులలో పైరుకు వచ్చిన తెగులుకంటె కాలువల పూడికయు, ధరయు, కూలియు ఎక్కువగ నుండుట గమనింపదగినది.

ఈ విషయమున ఆశ కలిగించు పని వశిష్ఠకు అవతలి ఒడ్డుననే జరిగినది. మొగల్తూరు దగ్గర కాళీపట్నమున ఆచార్య రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు, హాలండుదేశపు నిపుణుల సహకారముతో, చౌడుదేలిన పొలములలో భూమిక్రింద రంధ్రములుగల గొట్టములు పరచి ఉప్పునీటిని తీసివేయు పద్ధతిని ప్రయోగించి చూచిరి. వాననీరుగాని, కాలువనీరుగాని పైనుండి దిగి, ఉప్పును కరగించుకొని, గొట్టముద్వారా వెలికిపోవును. వరికి నేలలోని ఉప్పు మోతాదు 3 డెసిసీమెన్లు దాటినది మొదలు ఒక్కొక్క డెసిసీమెనుకు దిగుబడి నూటికి సుమారు 12 వంతులు తగ్గునని శాస్త్రజ్ఞుల అంచనా. కావున ఆ గొట్టము తీసివేయు ప్రతి చిటికెడు ఉప్పునకును గాదెలో లెక్క కలదు. ఐతే గొట్టము పరచుట ఇంజనీరు వంతు. దానికి బయట నీరు పోవు దారి చూపుట మురుగుశాఖవారి వంతు. పూడిక తీసికొనుచు కాపాడుకొనుట రైతుసంఘపు వంతు. ఈ మూడవవారు విడిపోయినప్పుడు గొట్టము మట్టితో నిండును. పుస్తకములో సఫలమైన ప్రయోగము పొలములో విఫలమగుటకు ఇదియే హేతువని మేము తలంచుచున్నాము.

కొబ్బరి లేక కోనసీమ లేదు గనుక దానిమాటయు చెప్పెదము. అమెరికాఖండపు బెలీజుదేశమునుండి 2004లో తొలుత వర్ణింపబడిన ఒక తెల్లదోమ 2016లో భారతదేశమున తమిళ, కేరళ ప్రాంతములలో కానవచ్చి, కొలదికాలములోనే గోదావరి తోటలకు వచ్చెను. ఆకు అడుగున సుడులు సుడులుగ గ్రుడ్లు పెట్టుటచే దీనికి సర్పిలాకార తెల్లదోమయని పేరు. ఇది విసర్జించు తేనెబంకమీద నల్లని మసి పట్టి, తోటకు తోటయే పొగచూరిన వంటయిల్లువలె నగును. రైతు భయపడి మందు కొట్టించెను. కాని ఈ దోమవెంటనే దానిని చంపు అతిచిన్న కందిరీగజాతి పురుగు, ఎన్‌కార్సియా అనునది, వచ్చియున్నదని బెంగుళూరునందలి జాతీయ కీటకవనరుల సంస్థయు, కాసరగోడునందలి కేంద్ర తోటపంటల పరిశోధన సంస్థయు గుర్తించినవి. మందు కొట్టినచో దోమకంటె ముందు ఈ మిత్రుడు చచ్చును. అందుచే మందు ఆపుడు, బలమైన నీటిధారతో ఆకును కడుగుడు అని సలహా వచ్చినది. అంబాజీపేట ఉద్యానపరిశోధన స్థానమున అల్లికరెక్కల పురుగులను పెంచి, దోమను పట్టు శిలీంధ్రమును వృద్ధిచేసి రైతులకు అందించుచున్నారు. కొబ్బరి ఆకుతేలును పరాన్నజీవులచే అదుపుచేసిన పాత అనుభవము ఆ స్థానమునకు కలదు.

ఇందులో కష్టమేమనగా, మందు ఫలితము మూడునాళ్లలో కనిపించును. మిత్రపురుగు ఫలితమునకు మాసములు పట్టును. అంతవరకు రైతు ఎట్లు ఓర్చుకొనవలెను? అప్పుల వాయిదా ఎవరు సర్దుదురు? పొరుగువాడు కొట్టిన మందు తన తోటలోని మిత్రపురుగును చంపినచో ఏమి చేయవలెను? వీనికి కీటకశాస్త్రములో సమాధానములు లేవు. గ్రామమంతయు ఒకేమాటమీద నిలుచునట్లు చేయగలవారు, అనగా సామాజికశాస్త్రము చదివినవారో, లేదా చదువకయే ఎరిగిన పెద్దలో కావలెను.

అటువంటి పొత్తు మడ అడవులలో ఫలించినది. కోరంగిలో నరికిన మడలు మరల ఏల మొలవలేదని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థవారు పరిశీలించిరి. చెట్లు పోయినచోట నేల ఎండి, క్రుంగి, పళ్లెమువలె నైనది. పోటునీరు దానిలో నిలిచి, ఎండకు ఇంకి, ఉప్పు పేరుకొన్నది. తప్పు విత్తనములో లేదు, నీటి రాకపోకలో నున్నది. అందుచే చేపముల్లు ఆకారమున పెద్దకాలువయు దానికి ఇరుప్రక్కల పిల్లకాలువలును త్రవ్వి పోటుపాటులు నడచునట్లు చేయగా మొక్కలు నిలిచినవి. 1990ల చివరనుండి అటవీశాఖయు, గ్రామసంఘములును కలసి ఈ పని సాగించిరి. కాలువ ఏ వంపున పోవలెనో చెప్పినది చాలచోట్ల కొలతగొలుసు కాదు, ఆ పాయలలో పుట్టిపెరిగిన బెస్తవాని అనుభవము. పోటు ఎంతవరకు ఎక్కునో, పాటు ఎటు తీయునో వారికి తెలిసినట్లు మరెవరికిని తెలియదు. ఐనను నివేదికలలో వారిపేరు సాధారణముగ కడపటి పుటలో ఉండును. ఇది మాకు నచ్చలేదు.

విద్వాంసులు కలసి పనిచేయుట చెప్పినంత సులభము కాదు. భూగర్భశాస్త్రజ్ఞునకు వెయ్యియేండ్లు ఒక దినము. ఇంజనీరునకు ముప్పదియేండ్లు కట్టడపు ఆయువు. ఆర్థికశాస్త్రజ్ఞునకు ఐదేండ్లు ఒక ప్రణాళిక. రైతునకు నాలుగు నెలలు ఒక పంట. నలుగురును ఒకే బల్లచుట్టు కూర్చున్నను నాలుగు గడియారములు నాలుగు విధముల కొట్టుచుండును. ఒకరి లెక్కలు మరొకరికి ఇచ్చుటకు కార్యాలయములకు మనసొప్పదు. కొలమానములు వేరు, పటముల మూలమట్టములు వేరు. నిర్మాణములో నున్న పోలవరము పూర్తియైన పిదప ఎంత ఒండ్రు దిగువకు వచ్చునో, అందులో వశిష్ఠకు ఎంత వంతు దక్కునో, దానివలన అంతర్వేది తీరము ఏమగునో ఒక్కచోట కూర్చుండి లెక్కకట్టవలసినవారు నేటికిని వేర్వేరు పట్టణములలో, వేర్వేరు శాఖలలో నున్నారు. ఆ లెక్క కట్టడము ముగిసిన ఇరువది యేండ్లకు వచ్చినచో పులసకథయే మరల నగును.

కావున పెద్దలు కూర్చుండువరకు ఊరివారు చేయదగిన పని ఒకటి మేము సూచించెదము. రాజోలు, మలికిపురము కళాశాలలలో భౌతిక రసాయనశాస్త్రములు చదువు విద్యార్థులు ఉన్నారు. నీటిలోని ఉప్పును కొలుచు చిన్న పరికరము జేబులో పట్టునంతటిది, వెలయు అధికము కాదు. అంతర్వేది, పల్లిపాలెము, సఖినేటిపల్లి గ్రామములలో ఒక్కొక్క వీధికి ఒక్కొక్క నూతిని ఎన్నుకొని, అమావాస్యకును పున్నమికిని మరుసటి ఉదయము నీటిమట్టమును, ఉప్పును కొలిచి, తేదీతోసహా ఒక పుస్తకమున వ్రాయవలెను. సముద్రపు ఒడ్డున ఒక గట్టి రాతిగురుతు పాతి, అలగీతకు దూరము ఎన్ని అడుగులో అదేదినమున కొలిచి అదే పుటలో వ్రాయవలెను. తోటలో ఎన్నిచెట్లకు మొవ్వు వాడినదో ఇంటివారిని అడిగి చేర్చవలెను. ఆ పుస్తకపు నకలు ఒకటి పంచాయతీలోను, ఒకటి అంబాజీపేటలోను, ఒకటి విశాఖపట్టణమున విశ్వవిద్యాలయములోను ఉండవలెను. మొదటి కొలత వేసవి ముగియకముందే, నూతులు మిక్కిలి అడుగంటియున్నప్పుడే, తీసికొనుట మంచిది.